డేరా పట్టే బండి కోసం కోరుట్ల మీదుగా సిరిసిల్లకు

మా వైపు గల్ఫ్ నుంచి తిరిగొచ్చే మగవాళ్లు బంగారం తెస్తారు, దుప్పట్లు తెస్తారు, సెంటు సీసాలు తెస్తారు. మా ఆయన రాజేశం డేరా తెచ్చాడు. పందొమ్మిదేళ్లు మస్కట్‌లో డ్రైవర్‌గా ఉండి, ఇక తిరిగి పోయేది లేదని చెప్పి వచ్చిన రోజు బంధువులంతా అట్టపెట్టె చుట్టూ చేరారు. తాళ్లు కోస్తే నలుగురు పడుకునే నైలాన్ డేరా, రెండు మడత కుర్చీలు, చిన్న గ్యాస్ పొయ్యి, ఐసు పెట్టుకునే నీలం డబ్బా, రెండు చాపలు బయటపడ్డాయి. మా ఆడబిడ్డ డేరా గుడ్డను రెండు వేళ్లతో నలిపి చూసి, "గిది జాకెట్‌కు గూడ పనికిరాదు" అని తేల్చేసింది.

అక్కడ శుక్రవారం సెలవు రోజున తోటివాళ్లతో కొండల మధ్య వాగుల దగ్గరికి పోయి, వండుకుని తిని వచ్చేవాడట. ఇక్కడ కూడా అలా తిరగాలని, నన్ను వెంటబెట్టుకుని తిరగాలని ఆయన కోరిక. కాదనడానికి నాకు కారణం కనబడలేదు. పందొమ్మిదేళ్లలో మేము కలిసి ఉన్నది రెండేళ్లకోసారి దొరికే రెండు నెలల సెలవుల్లోనే. మిగతా కాపురం ఫోన్లో జరిగింది. ఫోన్లో ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదు. ఆయన వచ్చిన వారంలో ఫ్యాను స్పీడు దగ్గర మొదలుపెట్టి, నెల తిరిగేసరికి అన్నిటి మీదా పోట్లాడుకున్నాం.

మొదటి యాత్ర రాయికల్ దాటి గోదావరి ఒడ్డుకు, మోటారు సైకిల్ మీద. డేరా మా ఇద్దరి మధ్య కూర్చుంది. కుర్చీలు నా భుజాన ఉన్నాయి. రాయికల్‌లో ఆ రోజు అంగడి. ఆ సందట్లో ఒక కుర్చీ జారి రోడ్డు మీద పడింది. వెనక వస్తున్న ట్రాక్టర్ దాని మీదుగా పోయింది. ట్రాక్టరతను బండి ఆపి, "కుర్చీల ఎవ్వలు లేరు గద?" అని అడిగి, లేరని తెలుసుకుని నిశ్చింతగా వెళ్లిపోయాడు. గోదావరి ఒడ్డున మిగిలిన కుర్చీలో వంతులు వేసుకుని కూర్చున్నాం.

తిరిగొచ్చాక, ఒక చిన్న కారు, పాతదైనా సరే, కొందామన్నాను. పెద్దది మా గల్లీలో తిరగదు. వెనక తలుపు పైకి లేచే హ్యాచ్‌బ్యాక్ అయితే సామాను తోసి మూసేయొచ్చు. అంత కాలం డ్రైవర్‌గా బతికిన మనిషి ఎగిరి గంతేస్తాడనుకున్నాను. "సూద్దాం" అన్నాడు. మా ఇళ్లల్లో సూద్దాం అంటే వద్దని అర్థం. నేను సర్కారు బడిలో తెలుగు టీచర్ని, అర్థాలు నాకు తెలుసు. తెలియనట్టు మూడు చోట్లకు ఫోన్లు చేసి, బడికి సెలవున్న రెండో శనివారం ప్రయాణం పెట్టాను. డిక్కీ కొలతలు అడిగితే అమ్మేవాళ్లు చేతులు చాపి చూపించిన ఫొటోలు పంపారు. అందుకని సామాను వెంట తీసుకుపోయి పెట్టి చూద్దామన్నాను. అలా, సామాను మోయడానికి బండి లేని మేము, సామాను మోసుకుంటూ బండి వెతకడానికి బయల్దేరాం.

ఉదయం ఏడు నలభైకి జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సు ఎక్కాం. ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి నాకు ఖర్చు లేదు. ఆయనకు టికెట్, మా డేరాకు లగేజీ టికెట్. కండక్టరమ్మ చీటీ చింపుతూ, "టెంట్ హౌస్ పెట్టిండ్రా మేడం? షామియానాలు ఎక్కడున్నయి?" అని అడిగింది. కారు కొనడానికి పోతున్నామని చెప్పాను. ఆమె నా జీరో టికెట్ వంక, నా వంక మార్చి మార్చి చూసింది.

"పుణ్యానికి తిరిగేదానికి కారెందుకు మేడం?"

ముందు సీట్లోని ముసలమ్మ వెనక్కి తిరిగి ఎవరి పెండ్లి అని అడిగింది. ఎవరిదీ కాదంటే నమ్మలేదు. కోరుట్లలో దిగేటప్పుడు, పిలవకపోయినా పెండ్లి మంచిగ జరగాలని దీవించింది.

ఎనిమిదిన్నరకు కోరుట్ల. బస్టాండు ఎదుట బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. చట్నీలో నీళ్లు ఎక్కువ, కారం సరిపోయింది. తర్వాత ఆటోలో పాత కార్ల షెడ్డుకు. రేకుల కింద తొమ్మిది బండ్లు కడిగి, టైర్లకు నల్లరంగు పూసి, పెండ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు పెట్టారు. షెడ్డు యజమాని మనిషి నవ్వుతూ వచ్చాడు.

"గీ ఎర్రది సూడుండ్రి సార్. ఒక్క చెయ్యి బండి, సింగిల్ ఓనర్. డాక్టర్ నడిపిండు."

"ఆ తెల్లది?" అన్నాను.

"గది గూడ డాక్టర్‌దే."

మూడో బండి ఒక డాక్టరమ్మదట. కోరుట్లలో ఇందరు డాక్టర్లు ఉండి, అందరూ ఒకేసారి కార్లు అమ్ముకోవాల్సిన కష్టం ఏమొచ్చిందో అడగాలనిపించింది. అడగకుండా సామాను విప్పాను. ఎర్రదాని డిక్కీ ఎత్తితే లోపల గ్యాస్ సిలిండర్ హాయిగా పడుకుని ఉంది. గ్యాసుతో మైలేజీ బాగుంటుందన్నాడు. సామాను ఎక్కడ పెట్టాలంటే, "పెట్రోల్ల మిగిలిన పైసలతోని ఆటో మాట్లాడుకోండ్రి" అన్నాడు. తెల్లదాని వెనక సీటు మడత పడలేదు. డాక్టరమ్మ బూడిద రంగు బండిలో మాత్రం సీటు పడింది, డేరా పట్టింది, నీలం డబ్బా పట్టింది, కుర్చీ ఓరగా పెడితే అదీ పట్టింది.

"ఒకసారి నడిపి సూడుండ్రి సార్."

మా ఆయన వెళ్లి ఎడమ తలుపు తీశాడు. లోపల స్టీరింగ్ లేదు. మస్కట్‌లో స్టీరింగ్ ఎడమవైపే అని షెడ్డు మనిషికి నేనే చెప్పి నవ్వాను. ఆయన నవ్వలేదు. కుడివైపు వచ్చి కూర్చుని తాళం తిప్పాడు. షెడ్డు దాటి మెయిన్ రోడ్డు దాకా వెళ్లాం. ఎదురుగా మక్కజొన్నల లోడుతో లారీ వస్తోంది, చాలా దూరంలో ఉంది. ఆయన బండిని రోడ్డు వారకు తీసి ఆపేశాడు. లారీ పోయాక కూడా కదలలేదు.

"క్లచ్ బాగలేదు" అన్నాడు.

"మొన్ననే కొత్తది ఏపిచ్చినం సార్" అన్నాడు షెడ్డు మనిషి.

"బాగలేదు." దిగి నడుచుకుంటూ వెనక్కి వెళ్లిపోయాడు. బండిని వెనక్కి షెడ్డు మనిషే తెచ్చాడు. క్లచ్ ఒక్క మాట అనలేదు.

పది దాటాక వేములవాడ పోయే బస్సెక్కి రుద్రంగిలో దిగాం. అక్కడి బండి ఒక రైతుది. అతని తమ్ముడు దుబాయ్ నుంచి వచ్చినప్పుడు కొని, సెలవంతా తిరిగి, తార్పాలిన్ కప్పి పోయాడట. చాలా తక్కువ తిరిగిన బండి. రైతు తార్పాలిన్ తీయకముందే మా ఆయన, "ఇంజన్ సప్పుడు సరిగ్గ లేదు" అన్నాడు.

"ఇంకా స్టార్టే చెయ్యలె గదనే" అన్నాడు రైతు, పాపం మర్యాదగానే.

అప్పుడు నాకు అనుమానం వచ్చింది. పరీక్ష రోజు పొద్దున కడుపునొప్పి వచ్చే పిల్లల్ని ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. ప్రశ్నపత్రం ఇవ్వకముందే కఠినంగా ఉందనే పిల్లలూ ఉంటారు. కానీ నా ఎదుట ఉన్నది డ్రైవింగ్‌లోనే తల నెరిసిన మనిషి. సామాను ఎత్తుకుని మళ్లీ రోడ్డెక్కాం.

పదకొండున్నర బస్సులో ఆయన పక్కన ఒక నడివయసు మనిషి కూర్చున్నాడు. నేను వెనక సీట్లో డేరాతో ఉన్నాను. ఆ మనిషి డేరా చూసి, గల్ఫ్ సామాను అని గుర్తుపట్టాడు.

"నేను గూడ తొమ్మిదేండ్లు ఉన్ననే. నువ్వు ఏం పని జేసినవ్?"

"డ్రైవర్."

"ఇంట్ల నేను గూడ డ్రైవర్‌నే అని చెప్పిన" అని అతను గట్టిగా నవ్వాడు. "అక్కడ దుకాన్ల బియ్యం బస్తాలు మోసిన. మా ఆమెకు ఇప్పటికి తెల్వది. చందుర్తిల దిగుతున్న, ఏమనుకోకు." అన్నట్టే చందుర్తిలో దిగిపోయాడు. మా ఆయన మెడ వెనక భాగం మాత్రమే నాకు కనబడుతోంది. అది ఎర్రబడింది.

వేములవాడలో పన్నెండుంబావుకు దిగాం. శివుడి సోమవారం కాకపోవడంతో యాత్రికుల రద్దీ తక్కువగా ఉంది. గుడి వీధికి కొంచెం ఎడంగా ఒక మెస్సులో భోజనానికి కూర్చున్నాం. అన్నం, పప్పు, వంకాయ కూర, మజ్జిగలాంటి పెరుగు. ఆయన అన్నం కలుపుతూ ఉండిపోయాడు.

"లతా, గా కోరుట్ల బండి క్లచ్ బాగనే ఉంది."

"నాకు తెలుసు."

"రుద్రంగిది గూడ మంచి బండే. నేను నాలుగేండ్ల సంది స్టీరింగ్ ముట్టలె."

తర్వాత మెల్లగా చెప్పాడు. ఒక తెల్లవారుజామున ఇసుక గాలిలో, రోడ్డు మీద ఆగి ఉన్న లారీని చూసుకోలేక గుద్దాడు. పక్క సీట్లో గది స్నేహితుడు చిన్నయ్య ఉన్నాడు. అతని కాలు మోకాలి కిందికి తీసేశారు. ఈయన తప్పు లేదని అక్కడివాళ్లే తేల్చి, లైసెన్సు తిరిగి ఇచ్చారు. కానీ తాళం చేతికిస్తే ఈయనకు చేతులు ఆడలేదు. కంపెనీ వాళ్లు గోదాములో కాపలాకు పెట్టారు. నాకు మాత్రం రోజూ ఫోన్లో ఇవాళ ఫలానా ఊరికి ట్రిప్పు, రేపు సలాలాకు ట్రిప్పు అని చెప్పుకుంటూ వచ్చాడు.

నాకు ముందు కోపమే వచ్చింది. ఆయన ఏ ఊరి పేరు చెబితే ఆ ఊరిని రాత్రి మ్యాపులో వెతికి చూసుకునేదాన్ని. రోడ్డు కొండల్లోంచి పోతుందా, సముద్రం పక్కనా అని వేలితో గీసుకుంటూ పోయేదాన్ని. నాలుగేళ్లు నా వేలు తిరిగినంత దూరం కూడా ఆయన తిరగలేదన్నమాట. విస్తరిలో ఉన్నదంతా తిన్నాకే అడిగాను.

"చిన్నయ్య ఇప్పుడెట్ల ఉన్నడు?"

"ఊర్లె కిరాణం పెట్టుకున్నడు. అప్పుడప్పుడు ఫోన్ జేస్తడు. నన్ను ఒక్క మాట అనడు. అంటెనన్న బాగుండు."

"మరి బండి చూడటానికి ఎందుకొచ్చినవ్?"

"వద్దంటె ఎందుకని అడుగుతవ్ గద."

నిజమే, అడిగేదాన్ని. మెస్సు నుంచి ఎండలోకి వచ్చాం. ఇంటికి పోదామా అన్నాడు. సిరిసిల్లలో ఒకామె మా కోసం ఎదురుచూస్తోంది, వస్తామని మాటిచ్చాం. పైగా డేరా మోసి మోసి నా భుజం కదుములు కట్టింది.

"నాకు లైసెన్సు ఉంది గద" అన్నాను. పోయిన ఎండాకాలం మా బడి టీచర్లం నలుగురం కలిసి డ్రైవింగ్ స్కూల్లో చేరాం. లైసెన్సు వచ్చింది. దాన్ని ఇంతవరకు సిమ్ కార్డు తీసుకోవడానికే వాడాను.

"లైసెన్సు ఉంది సరే. నడుపుడు వస్తదా?"

"రాదు. లైసెన్సు ఉంది."

ఆ రోజు ఆయన మొదటిసారి నవ్వాడు.

ఒంటిగంట దాటాక బస్సెక్కి, ఒకటీ నలభైకి సిరిసిల్లలో దిగాం. అడ్రసు అడుక్కుంటూ వెళ్లిన వీధి పొడవునా మరమగ్గాల టకటక. షాహిదా ఆపా ఇల్లు ఆ చివర ఉంది. అరవై దాటిన మనిషి. ఇంట్లో నాలుగు కుట్టుమిషన్లు, గోడ పొడవునా రంగురంగుల లంగాల కట్టలు. ముప్పై ఏళ్లుగా లంగాలు కుట్టించి దుకాణాలకు వేసే వ్యాపారం ఆమెది. మమ్మల్ని ఒక పొట్టి సోఫా మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. నా నడుం కింద ఏదో గుచ్చుకుంటుంటే చేయి పెట్టి చూశాను. సీటు బెల్టు బకిల్.

"గది బండి ఎనుక సీటే బిడ్డ" అంది ఆమె. "ఆరేండ్ల కింద పీకేసినం. అది ఉంటె లంగాల మూటలు పట్టకపాయె."

పొద్దుటి నుంచి మేము వెతుకుతున్న ఖాళీ జాగా మీద మేమే కూర్చుని చాయ్ తాగుతున్నాం.

"బండి డాక్టర్ నడిపిండా?" అని అడిగాను.

"డాక్టర్ ఎందుకు నడుపుతడు? నేనే నడిపిన. ఇక్కడి నుంచి కరీంనగర్‌కు వారానికి రెండుసార్లు. ఏసీల గాలి అస్తది గని సల్లగ రాదు. డ్రైవర్ దిక్కు అద్దం సగం దిగుతది, మిగిలింది చేత్తోని గుంజాలె. రెండో గేరును కొంచెం బతిమాలాలె. ఎనుక సొట్ట ఉన్నది, గది మా గోడకు గూడ ఉన్నది, సూపిస్త."

"ఇప్పుడెందుకు అమ్ముతున్నరు ఆపా?"

"మోకాలు క్లచ్ తొక్కనిస్తలేదు. మా కొడుకు ట్రాలీ ఆటో కొన్నడు. మూటల మీద నన్ను గూడ ఒక మూట లెక్క కూసోవెడతడు." చాయ్ గ్లాసులు తీస్తూ మా ఆయన వైపు చూసింది. "నువ్వు నడుపుతవా బాబూ?"

అబద్ధానికి అవకాశం ఇచ్చినట్టు నేను కిటికీ వైపు చూశాను.

"లేదమ్మా. మా ఆమె నడుపుతది" అన్నాడు ఆయన.

బండి ఇంటి పక్క సందులో ఉంది. ఒకప్పుడు లేత నీలం రంగై ఉంటుంది. డిక్కీ ఎత్తి సామాను పెట్టడం మొదలుపెట్టాం. డేరా, డబ్బా, పొయ్యి, చాపలు, కుర్చీ అన్నీ పోయాయి. మా ఆయన కూడా లోపలికెక్కి చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఇంకా చోటు మిగిలింది. నేను డ్రైవర్ సీట్లో, ఆపా నా పక్కన. మొదటిసారి సందు మొదట్లోనే ఆగిపోయింది. రెండోసారి మగ్గాల షెడ్డు ముందు. మూడోసారి చౌరస్తా మధ్యలో ఆగితే వెనక ఆటోవాడు హారన్ మీద చేయి పెట్టి తీయలేదు.

"కొట్టనియ్యి, హారనే గద" అంది ఆపా. "క్లచ్ ఎట్ల ఇడువాలెనంటె, పండుకున్న పిల్లను భుజం మీదికెల్లి మంచంల ఏసినట్టు. పిల్ల లేవద్దు. ఆఁ, గట్ల."

పిల్ల లేవలేదు. చౌరస్తా దాటి, ఊరు చుట్టి, సందులోకి తిరిగొచ్చాం. రెండో గేరును రెండుసార్లు బతిమాలాను. దిగాక మా ఆయన ఎవరూ చెప్పకుండానే బానెట్ ఎత్తించి, ఆయిల్ కడ్డీ తీసి వేలికి రాసుకుని వాసన చూశాడు. నేల మీద వెల్లకిలా పడుకుని కింద తట్టి చూశాడు. లేచి చొక్కా దులుపుకుని, "ఇంజన్ మంచిగున్నది. ముందటి టైర్లు రెండు మార్చాలె. బ్రేకులకు ఢోకా లేదు" అన్నాడు. పొద్దుటి నుంచి ఆయన నోటి వెంట ఒక బండి గురించి మంచి మాట రావడం అదే మొదలు. ఇక బేరం ఆడటానికి మొహం చెల్లలేదు. ఆమె కూడా అడిగినదాంట్లో టైర్లకయ్యేంత తనే తగ్గించింది. ఇన్సూరెన్సు చూసుకుని, కాగితాల మీద సంతకాలు పెట్టుకుని, సగం ఫోన్లో పంపి, మిగతాది సోమవారం బ్యాంకులో వేస్తామన్నాం. "సోమారమే ఎయ్యుండ్రి, తాళం ఇయ్యాలనే కొండవోండ్రి" అంది. సీటు మాత్రం ఆమెకే వదిలేశాం.

మూడు నలభైకి సిరిసిల్ల నుంచి బయల్దేరాం. నేను స్టీరింగ్ ముందు, ఆయన పక్క సీట్లో. వేములవాడ దాకా ఆయన నోటితో బండి నడిపాడు. గేరు మార్చు, అద్దం చూడు, ఎడమకు రా. ఒక చోట ఆపి, నువ్వు మాట్లాడితే నాకు రోడ్డు కనిపించడం లేదన్నాను. ఆయన మాట్లాడటం మానేసి కాళ్లతో నడపడం మొదలుపెట్టాడు. ఆయన వైపు లేని బ్రేకును తొక్కీ తొక్కీ కాళ్ల కింది మ్యాటు అరిగేలా ఉంది. కొడిమ్యాల వైపు మళ్లాక రోడ్డు సగానికి వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చారు. మిగిలిన సగంలో ఎదురుగా బస్సు వచ్చింది. నేను ఆగాను. బస్సు ఆగింది. ఎవరు వెనక్కి పోవాలో నాకు తెలుసు, ఎట్లా పోవాలో తెలియదు. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "రానియ్యి, రానియ్యి, ఇంకొంచెం, చాలు" అంటూ నన్ను వెనక్కి, వడ్ల రాళ్లు దాటించి పక్కకు తెచ్చాడు. బస్సు మా అద్దానికి జానెడు దూరంలో పోయింది. ఒక్క వడ్ల గింజ కూడా చక్రం కింద పడలేదని ఆయనే దిగి చూసి వచ్చాడు. కూర్చుని, బెల్టు పెట్టుకున్నాడు.

పాత బండి కొనబోయేవాళ్లకు ఈ ప్రయాణం నుంచి నేను చెప్పగలిగింది తక్కువే. సామాను వెంట తీసుకుపోండి. డాక్టర్లు నడిపిన బండ్లను చూసి రండి, చూడటానికి బాగుంటాయి. ఎవరు నడుపుతారన్నది మాత్రం ఇంట్లోనే, గడప దాటకముందే మాట్లాడుకోండి. మేము దానికి మూడు ఊళ్లు, నాలుగు బస్సులు తిరిగాం. నాలుగేళ్ల అబద్ధం మీది కోపం నాకు ఇంకా కొంత మిగిలే ఉంది. అది ఒక్క రోజులో పోయేది కాదు. దాన్ని ఇంటి దగ్గర, ఎదురెదురుగా కూర్చుని తీర్చుకోవాలనుకున్నాను.

ఆ మాటే చెబుదామని పక్కకు చూస్తే, ఆయన తల కిటికీకి ఆనించి నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుంది. రెండు కాళ్లూ కదలకుండా ఉన్నాయి.

మల్యాల దగ్గరికి వచ్చేసరికి అయిదుంబావు. గొర్ల మంద రోడ్డుకు అడ్డం పడింది. బండి ఆపాను. గొర్లకాపరి కర్రతో మందను అదిలిస్తూ వచ్చి, లోపలికి వంగి చూశాడు.

"సారుకు పానం బాగలేదా అమ్మా?"

"బాగనే ఉన్నది. పండుకున్నడు."

"పండనియ్యి" అన్నాడు గొంతు తగ్గించి. "మెల్లగ పోండ్రి."

అంతకంటే మెల్లగా పోవడం ఎట్లాగో నాకు తెలియదు. ఆఖరి గొర్రె రోడ్డు దాటేదాకా ఉండి, క్లచ్ మెల్లగా వదిలాను.